తడపకూడని చొక్కా

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వాగులు ఎండాయి, చెలమలు ఎండాయి, చివరికి అడవి మొత్తానికీ ఒక్కటంటే ఒక్క మడుగు మిగిలింది. ఆ మడుగులో జలంధరం అనే మొసలి కాపురం ఉండేవాడు.

మొసలి అనగానే కన్నీళ్లు కార్చే రకం అనుకునేరు. కాదు. జలంధరం చాలా పద్ధతైన మొసలి. ఆకలేస్తే తినేవాడు, తిన్నాక తినలేదని బొంకేవాడు కాదు. ఈ రోజుల్లో అంతకన్నా ఏం కావాలి చెప్పండి!

నీళ్లకని వెళ్లిన దుప్పి పిల్లలు మూడు రోజులకొకటి చొప్పున తగ్గిపోతున్నాయి. మందకి పెద్దదిక్కు మంగతాయి అనే దుప్పి. పోయినవాళ్లలో ఆమె చెల్లెలి బిడ్డ కూడా ఉంది. ఆ చెల్లెలి ఏడుపు వినలేక, మంగతాయి గుండె రాయి చేసుకుని, పట్టపగలు మడుగు గట్టుకి వెళ్లి నిలబడింది.

"బాబూ జలంధరం, పసివాళ్ల జోలికి రాకయ్యా. నీకు చేపలున్నాయి, నత్తలున్నాయి. అంతగా అయితే పెద్దదాన్ని, నన్ను తిను" అంది.

మొసలి కాసేపు ఆలోచించాడు. "నాకు చత్వారం తల్లీ. నీళ్లలోంచి చూస్తే ఎవరు పసివాళ్లో, ఎవరు ముదుర్లో ఆనదు. ఏదో ఒక గుర్తుండాలి. ఒంటి మీద జానెడేసి అక్షరాలతో 'తినరాదు' అని ఉంటే ముట్టను. మాటంటే మాట" అన్నాడు.

అదండీ ఒప్పందం. మందలో పిల్లలు ముప్పై తొమ్మిది మంది, వెంట వెళ్లే మంగతాయి ఒకతి. వెరసి నలభై చొక్కాలు, వాటి మీద ఒకే ఒక్క మాట. ఒక పూట పని.

కానీ ఆ అడవిలో మృగరాజుగారి సభవారి అనుమతి లేకుండా గుడ్డ మీద చుక్క రంగు పడకూడదు. మంగతాయి అమాయకురాలు. వెళ్లి అర్జీ పెట్టుకుంది.

అర్జీ చూసి మృగరాజుగారు ఎంతో చలించిపోయారు. చలించిపోయి వెంటనే ఒక సంఘం వేశారు. దాని పేరు 'చొక్కాల అచ్చు పద్ధతి నిర్ణయ సంఘం'. అధ్యక్షుడు ఏనుగు భద్రయ్య. ఆయన ఒక కాగితం చదవడానికి ఎంతసేపు పడుతుందో, మడతపెట్టడానికీ అంతసేపే పట్టేది. కార్యదర్శి నక్క నాగలింగం. ఆయన కాగితం చదవకుండానే మడతపెట్టగలడు.

సంఘం ఇప్పచెట్టు కింద కూర్చుంది. అచ్చు పనివాళ్లు ముగ్గుర్ని నమూనాలతో రమ్మన్నారు.

మొదట గిజిగాడు వచ్చాడు. దారంపని అంటే అతని తరవాతే ఎవరైనా. ముక్కుతో కుట్టిన ఆకు ఒకటి చూపించి, "ఎంబ్రాయిడరీ అంటే జన్మకో పని అండీ. నేను కుట్టిన అక్షరం చొక్కా పోయినా ఉంటుంది. కాకపోతే చొక్కాకి నాలుగు రోజులు. పైగా ఈ పల్చటి గుడ్డ మీద గట్టిగా కుడితే ముడతలొస్తాయి. మందపాటి గుడ్డ ఇప్పించండి" అన్నాడు.

"ప్రభువులవారి మొహం కుట్టగలవా?" అని అడిగాడు నక్క.

మంగతాయి ఉలిక్కిపడింది. "ప్రభువుల మొహం ఎందుకయ్యా? నేను అడిగింది ఒక్క మాటే కదా."

నాగలింగం ఆమె వంక జాలిగా చూశాడు. "ఏమ్మా, ప్రభువుల బొమ్మ లేకుండా ప్రభుత్వ చొక్కా ఎక్కడన్నా చూశావా? అదేం చొక్కా, గోనెసంచి కాదూ!"

గిజిగాడు కళాకారుడు. కళాకారుడికి నోరు ఊరుకోదు. "మొహాలు దారంతో కుదరవండీ. జూలులో అన్ని ఛాయలు తేవాలంటే గుడ్డ దళసరెక్కి అట్టైపోతుంది. మీరు మరీ బలవంతం చేస్తే కుడతాను గానీ, సింహం పిల్లిలా వస్తుంది" అన్నాడు.

రెండు ఎలుగుబంట్లు వచ్చి అతన్ని గూటిదాకా దిగబెట్టి వచ్చాయి.

తరవాత ఉడుము పట్టాభి వచ్చాడు. నెమ్మదైనవాడు, చేతులకి ఎప్పుడూ నీలిరంగు అంటుకుని ఉండేది. చట్రానికి బిగించిన పల్చటి తెర ఒకటి ముందు పెట్టాడు.

"అమ్మాయి అడిగింది ఒక్క మాట, ఒక్క రంగు. దానికి ఒక్క తెర చాలండి. తెర మీద రంగు పోసి, రబ్బరు బద్దతో ఒక్క లాగు లాగితే ఒక చొక్కా అయినట్టు. పొద్దున్న మొదలెడితే మధ్యాహ్నానికి నలభై. ఎండలో ఆరితే రంగు నూలులోకి దిగిపోతుంది. ఇంక అది మీరు వదలమన్నా వదలదు, ఉడుం పట్టే" అన్నాడు.

మంగతాయి ప్రాణం లేచొచ్చింది.

"మరి ప్రభువుల జూలు?" అన్నాడు నక్క.

"ఎన్ని రంగులుంటే అన్ని తెరలు కట్టాలి బాబూ. జూలుకే పన్నెండవుతాయి. నలభై చొక్కాల కోసం పన్నెండు తెరలంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే."

"అంటే ప్రభువుల జూలు కోసం ఆమాత్రం కష్టపడలేవన్నమాట. రాసుకోండి భద్రయ్యగారూ."

భద్రయ్య రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన రాసుకునేలోగా మూడోవాడు వచ్చేశాడు.

వాడు ఊసరవెల్లి రంగనాయకులు. నక్క తోక తొక్కి వచ్చాడని అడవంతా చెప్పుకునేవారు గానీ, నిజానికి తోక తొక్కలేదు. ముందురోజు నక్కగారింటికి మూడు తేనెపట్లు పంపించాడు, అంతే. మాట్లాడుతూ నక్క వైపు తిరిగినప్పుడు నక్క రంగులోకీ, ఏనుగు వైపు తిరిగినప్పుడు ఏనుగు రంగులోకీ మారుతుంటే, సభవారికి తమతో తామే మాట్లాడుకున్నంత హాయిగా ఉంది.

"మాది స్టిక్కర్ పద్ధతండీ. బొమ్మ ముందే కాగితం మీద తయారుగా ఉంటుంది. చొక్కా మీద పెట్టి, కాలే ఇస్త్రీపెట్టెతో ఒక్క నొక్కు. కాగితం ఊడబీకితే బొమ్మ గుడ్డ మీద! పదహారు రంగులు. ప్రభువుల జూలు, ఆ జూలులో పేలు కూడా విడివిడిగా కనపడతాయి" అన్నాడు.

"పేలా?" అన్నాడు భద్రయ్య.

"ప్రభువులకి లేవనుకోండి. ఒకవేళ ఉంటే."

నమూనా చొక్కా విప్పి కొమ్మకి తగిలించాడు. నిజం చెప్పొద్దూ, తళతళలాడిపోయింది. అందులో సింహం అసలు సింహం కన్నా బాగున్నాడు. మృగరాజుగారు స్వయంగా వచ్చి చూసుకుని, "ఇది నేనేనా!" అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడక్కుండా నమ్మేశారు.

ఇంకేముంది, పద్ధతి ఖాయమైపోయింది. ఇక బొమ్మ కుదర్చడమే తరవాయి.

"ప్రభువుల పక్కన కార్యదర్శి బొమ్మ లేకపోతే జనం పొరపాటుపడతారేమో" అన్నాడు నాగలింగం, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు. నక్క బొమ్మ పడింది.

"నాకెందుకులే, నా మొహం పడితే ఎవరికీ చోటుండదు" అన్నాడు భద్రయ్య. ఎవరూ బతిమాలకపోయేసరికి ఆయనే మళ్లీ, "పోనీ తొండం ఒక్కటీ వెయ్యండి, అంచు చుట్టూ" అన్నాడు. చొక్కాకి తొండం అంచైంది. ఆపైన తోడేలుగారూ, దుమ్ములగొండిగారూ, వాళ్ల అల్లుళ్లూ. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పసివాళ్ల చొక్కా మీద చోటంతా పెద్దలు తలా కాస్తా పంచేసుకున్నారు.

'తినరాదు' అన్న మాటకి చిట్టచివర, తొండం కింద, ఆవగింజంత జాగా మిగిలింది. రంగనాయకులు ఆ బొమ్మలన్నీ నమూనా మీద అక్కడికక్కడే నొక్కేశాడు.

మంగతాయికి ఏడుపొచ్చింది. "అయ్యా, జానెడు ఉండాలన్నాడు మొసలి. అతనికి చత్వారం."

"అక్షరం చిన్నదైతేనేమమ్మా, భావం పెద్దది కదా!" అన్నాడు నక్క. సభ చప్పట్లు కొట్టింది.

"పోనీ రెండో పక్కనైనా పెద్దగా వెయ్యండయ్యా. కుడి పక్క మీ బొమ్మలు, ఎడం పక్క ఆ మాట."

"ఎడం పక్కా! ప్రభుత్వపు అచ్చు ఎడం పక్క వేస్తే అపశకునం. మా తాతల నాటి నుంచీ లేదు. ఎడం పక్క ఖాళీగా ఉండాల్సిందే."

మంగతాయి ఇంక ఒకే ఒక్క మాట అడిగింది. మీరైనా నేనైనా అదే అడుగుతాం. "అయ్యా, ఆ నమూనాని ఒక్కసారి ఉతికి చూడండి."

భద్రయ్య చెవులు ఆడించడం మానేశాడు.

"ఉతకడమా? నమూనానా?" అన్నాడు ఆయన. "నిబంధన ఏమిటో తెలుసా తల్లీ? నమూనా వచ్చినది వచ్చినట్టే భద్రపరచాలి. తడిపితే అది తడిసిన నమూనా అవుతుంది. తడిసిన నమూనా మీద నేను సంతకం ఎలా పెట్టను?"

"మరి చొక్కాలు నీళ్లలోకే కదయ్యా వెళ్లేది?"

"చొక్కాలు వెళతాయి. నమూనా వెళ్లదు."

చూశారా! దీనికి జవాబు చెప్పగలిగినవాడు ఆ అడవిలో పుట్టలేదు, మన ఊళ్లోనూ పుట్టలేదు.

కానీ మంగతాయి తల్లిలాంటిది. మాటకి జవాబు లేకపోయినా భయం పోదుగా. సభవారు భోజనాలకి లేచినప్పుడు, కొమ్మకి వేలాడుతున్న నమూనా దగ్గరికి వెళ్లి, అటూ ఇటూ చూసి, అంచుని ఒక్కసారి నాకింది. ఒకే ఒక్కసారి. భద్రయ్యగారి తొండం చివర గుడ్డని వదిలి పైకి లేచి, చుట్టుకుపోయింది.

"చూడండి, చూడండి! నా నాలుక తడికే ఊడుతోంది!" అని అరిచింది.

అందరూ పరుగెత్తుకొచ్చి చూశారు. ఊడిన తొండాన్ని కాదు, నాకిన మంగతాయిని. సాయంత్రానికల్లా సంజాయిషీ నోటీసు చేతికొచ్చింది: 'ప్రభుత్వ నమూనాను నాకినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదు?'

నాగలింగం ఆమెని పక్కకి పిలిచి మెత్తగా చెప్పాడు. మెత్తగా చెప్పినప్పుడే ఆయన మాట ప్రమాదం. "మంగతాయమ్మా, మరోసారి చొక్కా అచ్చు జోలికొచ్చావంటే మీ మందకి మడుగు వంతు రద్దు చేయిస్తాను. నీ పిల్లలు దాహంతో పోతారో, మొసలితో పోతారో నీ ఇష్టం."

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

చొక్కాల ప్రారంభోత్సవం రెండు రోజుల్లో ఉందనగా నలభై చొక్కాలూ వచ్చాయి. మంగతాయి ఒక్కోదాన్నీ గడ్డం ఆనించి చూసుకుంది. ఎండకే అంచులు లేస్తున్నాయి. పిల్లలు చొక్కాలేసుకుని మురిసిపోతూ గంతులేస్తుంటే, వాళ్లని చూడలేక మొహం తిప్పుకుంది. ఇవి తొడిగి తీసుకెళితే చేతులారా మొసలికి వడ్డించినట్టే. తీసుకెళ్లకపోతే దాహంతో చస్తారు. రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, సభవారంతా కడుపునిండా తిని కునుకు తీసే వేళ, నలభై చొక్కాలూ మూటగట్టుకుని ఉడుము పట్టాభి దగ్గరికెళ్లింది.

"అన్నా, వీటి ఎడం పక్క ఖాళీగా ఉంది" అంది.

పట్టాభి మూట వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "తెలిస్తే నన్ను అడవి దాటిస్తారు చెల్లెమ్మా. నీ మందకి నీళ్లు ఆపేస్తారు."

"తెలుసన్నా. చెల్లెలి బిడ్డ పోయినప్పుడు దానికి ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఇప్పుడు ముప్పై తొమ్మిది మంది తల్లులకి ఏం చెప్పను?"

పట్టాభి లేచాడు. తెర దింపాడు, నీలిరంగు పోశాడు, బద్ద తీసుకున్నాడు. ఒక్కో లాగుకి ఒక్కో 'తినరాదు'. జానెడు అడిగితే జానెడున్నర వేశాడు. ఇద్దరూ కలిసి చొక్కాల్ని తుప్పల మీద ఆరేశారు. ఎండ మండిపోతోంది, రంగు గట్టిగా పట్టింది. సభవారు నిద్రలేచి ఒళ్లు విరుచుకునేసరికి మూట మళ్లీ మంద చేరింది.

తెల్లారితే ప్రారంభోత్సవం. మంగతాయి పిల్లల్ని వరసగా నిలబెట్టి చెప్పింది. "కుడి పక్క పెద్దల వైపు ఉండాలి, ఎడం పక్క మడుగు వైపు ఉండాలి. తల ఎటన్నా తిప్పుకోండి. ఒళ్లు మాత్రం తిప్పారో, నా చేతిలో అయిపోతారు!"

గట్టు మీద పందిరేశారు. పెద్దలందరూ తమకోసం వేరేగా వేయించుకున్న అవే స్టిక్కర్ల చొక్కాలు తొడుక్కుని వచ్చారు. పిల్లలు దాహంతో నాలుకలు బయటపెట్టి నిలబడితే, ఒకరి తరవాత ఒకరు నీటి విలువ గురించి మాట్లాడారు. మృగరాజుగారు గంటసేపు మాట్లాడారు. నాగలింగం రెండు గంటలు మాట్లాడాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, ఇంక మాట ఎక్కడ ఆగుతుంది!

చివరికి పిల్లల్ని మడుగులోకి దింపారు. పాపం, మోకాళ్లలోతు దిగి గటగటా తాగుతున్నారు.

నాగలింగానికి చప్పట్లు చాలలేదు. "ఈ అచ్చు మీద నాకెంత నమ్మకమో చూడండి!" అంటూ తనే మడుగులోకి దిగాడు. మోకాళ్ల దాకా దిగాడు, జనం ఈలలేశారు. నడుం దాకా దిగాడు, జనం ఇంకా ఈలలేశారు. మెడ దాకా దిగాడు.

నీళ్లు తగలగానే స్టిక్కర్లు లేచాయి. పిల్లల కుడి పక్కల నుంచి ఒక్కొక్కటే ఊడి, ముప్పై తొమ్మిది మంది మృగరాజులు మడుగులో తేలుతూ వెళ్లిపోయారు. గట్టు మీదవాళ్లు అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

చప్పట్లకి జలంధరం నిద్ర లేచాడు.

కళ్లు చికిలించుకుంటూ పిల్లల వరస దగ్గరికి వచ్చాడు. ఎడం పక్కలు చూసుకుంటూ, కూడబలుక్కుని చదివాడు. "తినరాదు. తినరాదు. ఇదీ తినరాదు. సరే, సరే." మొసలి ఒక్కో పిల్లనీ దాటుతుంటే మంగతాయికి ఒక్కో ఊపిరి తిరిగొస్తోంది. ముప్పై తొమ్మిదీ దాటాడు. ఆమెనీ దాటాడు. నక్క దగ్గర ఆగాడు.

ఎడం పక్క చూశాడు. ఖాళీ. న్యాయంగల మొసలి కదా, తొందరపడలేదు. చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి చూశాడు. అక్కడ జిగురు మరకలున్నాయి.

"నీ ఒంటి మీద ఏమీ లేదే?" అన్నాడు.

"ఉంది, ఉంది! అదిగో, ఆ తేలుతున్నది నాదే! అందులో కింద రాసుంది చూడు!" అని నాగలింగం గిలగిలలాడిపోయాడు.

జలంధరం వెళ్లి ఆ స్టిక్కర్‌ని దగ్గరగా చూసి వచ్చాడు. "బొమ్మ బాగుంది. ఎవరిది? కింద ఏదో గీత ఉంది, చీమ పాకినట్టు. అయినా అది నీళ్ల మీదుంది బాబూ. ఒప్పందం ఒంటి మీదని."

"నేను కార్యదర్శిని!"

"అది కూడా రాసి లేదు" అన్నాడు జలంధరం. అని తినేశాడు.

స్టిక్కర్‌ని మాత్రం తినలేదు. పద్ధతైన మొసలి.

మూడు రోజులు సంతాప దినాలు. నాలుగోరోజు విచారణ సంఘం. అధ్యక్షుడు మళ్లీ భద్రయ్యే. అనుభవం ఉన్నవాడు కదా.

భద్రయ్య చాలా లోతుగా విచారించాడు. ముందు నమూనా తెప్పించి చూశాడు. అది కచేరీలో కొమ్మకి, నాకినచోట తప్ప, పొడిగా తళతళలాడుతూ ఉంది. కనుక స్టిక్కర్ పద్ధతిలో లోపం లేదని తేల్చాడు. మొసలిని విచారించాలన్నారు గానీ, నీళ్లలోకి దిగి అడగడానికి ఎవరూ ముందుకు రాలేదు. కనుక మొసలి తప్పూ లేదని తేల్చాడు.

మిగిలింది ఒక్కటే. చొక్కాల ఎడం పక్క అనుమతి లేని నీలి అచ్చు!

"ఈ అచ్చు వల్లే కార్యదర్శిగారు పోయారు" అని తీర్పు చదివాడు. "అచ్చు లేకుంటే మొసలికి ముందే కడుపు నిండేది. కార్యదర్శిగారి దాకా వచ్చే అవసరమే ఉండేది కాదు."

మంగతాయి చెవులు తనని మోసం చేశాయేమో అనుకుంది. "అంటే నా పిల్లలు ముందు పోయుంటే బాగుండేదా అయ్యా?"

"అలా అనలేదు తల్లీ. వరసక్రమం గురించి చెప్పాను" అన్నాడు భద్రయ్య.

పట్టాభి తెర విరగ్గొట్టి, అతన్ని పొలిమేర దాటించారు. నలభై చొక్కాలూ స్వాధీనం చేసుకుని, ఆ అక్రమపు అచ్చుని చెరిపెయ్యమని ఉత్తర్వు వేశారు.

ఇంక చూడాలి ఆ ఉతుకుడు! ఎలుగుబంట్లు కుంకుడుకాయ రసంలో నానబెట్టి ఉతికాయి. బూడిదనీళ్లలో ఉడకబెట్టాయి. బండకేసి బాదాయి. భద్రయ్య స్వయంగా ఎక్కి తొక్కాడు. గట్టు మీద నిలబడి మంగతాయి అంతా చూసింది. ఆనాడు కాళ్లావేళ్లా పడి అడిగిన పరీక్ష, ఒక్కసారి చేస్తే చాలన్న పరీక్ష, ఇప్పుడు ముప్పై రెండుసార్లు చేశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకి.

గుడ్డ సాలెగూడులా పల్చబడిపోయింది గానీ అక్షరం చెక్కుచెదరలేదు. 'సదరు అచ్చు ప్రభుత్వ ఉత్తర్వుకు లొంగుటలేదు' అని భద్రయ్య రాసి, చొక్కాల్ని కచేరీలో భద్రపరిచామన్నాడు.

పిల్లలకి కొత్త చొక్కాలిచ్చారు. మళ్లీ స్టిక్కర్లే, మళ్లీ రంగనాయకులే. ఈసారి మధ్యలో అమరుడు నాగలింగం బొమ్మ, మెడలో దండతో.

ఆ కొత్త చొక్కాలతో పిల్లల్ని గట్టు మీదికి తీసుకొచ్చిన మంగతాయి అక్కడే ఆగిపోయింది.

మడుగులో పెద్దలందరూ నీళ్లు తాగుతున్నారు. మృగరాజుగారు ఒక పిల్ల చొక్కాని పాపాయి గుడ్డలా మెడకి కట్టుకున్నారు. భద్రయ్య చెవికొకటి తగిలించుకున్నాడు. తోడేలుగారూ, దుమ్ములగొండిగారూ, అల్లుళ్లూ తలా ఒకటి. అన్నిటికన్నా లోతుగా దిగి జలకాలాడుతున్నవాడు రంగనాయకులు. వాడి ఒంటి మీదా పట్టాభి అచ్చే, నీలి అక్షరాల్లో 'తినరాదు'. జలంధరం వాళ్ల మధ్య తిరుగుతూ, చదువుకుంటూ, విసుగ్గా ఆవలిస్తున్నాడు.

"అయ్యా, అవి మా పిల్లల చొక్కాలు కదా!" అంది మంగతాయి. కోపంతోనే అంది.

"పరీక్షలో ఉన్నాయి తల్లీ" అన్నాడు భద్రయ్య, తొండంతో ఒంటి మీద నీళ్లు చల్లుకుంటూ. "నీళ్లలో ఎలా మన్నుతాయో చూస్తున్నాం."

"ఎన్నాళ్లు చూస్తారు?"

"వానలు పడేదాకా చూడాలి మరి. ఇలాంటి వాటిలో తొందర పనికిరాదు."

మంగతాయి ఇంక అర్జీ పెట్టలేదు. ఇంక ఏ అయ్యకీ దణ్ణం పెట్టలేదు. పిల్లల్ని వెనక్కి తిప్పుకుని, కోసెడు దూరం నడిచి, పొలిమేర అవతల పట్టాభిని వెతికి పట్టుకుంది.

"తెర లేదు చెల్లెమ్మా, విరగ్గొట్టారుగా" అన్నాడు.

"చొక్కాలూ లేవన్నా. మొసలి ఒంటి మీద అన్నాడు గానీ, చొక్కా మీద అనలేదు."

పట్టాభి మోదుగాకు కోసి, అందులో అక్షరాలు తొలిచి, ముప్పై తొమ్మిది మంది ఒంటికీ రెండు పక్కలా నీలిరంగు వేశాడు. చివర మంగతాయి నిలబడింది. ఆమెకి కూడా వేశాడు.

మర్నాడు పిల్లలు చొక్కాల్లేకుండా మడుగులోకి దిగారు. జలంధరం చదివాడు, తలూపాడు, పక్కకి జరిగాడు. కడుపునిండా తాగారు పిల్లలు, ఎన్ని రోజులకో! గట్టెక్కేసరికి భద్రయ్య నోటీసు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు: 'ప్రభుత్వ చొక్కా ధరించక నీరు త్రాగినందుకు...'

మంగతాయి దాన్ని చదవలేదు. అందరికన్నా బక్కగా ఉన్న పిల్ల ముందు పెట్టింది. కరువు కాలం, కాగితమైనా మేతే.

ఇందులో నీతి ఏమిటంటారా? ఏ అచ్చు నీళ్లకి నిలుస్తుందో పెద్దలకి తెలియక కాదు, తాము నీళ్లలోకి దిగేదాకా తెలుసుకోవాల్సిన తొందర వాళ్లకి ఉండదంతే.